చౌడమ్మకు గీత లేని చీర

వసంతికి ఏం తక్కువ చెప్పండి? సొంత ఇల్లుంది, మాట వినే మొగుడున్నాడు, కోవిల్‌పట్టి కాలేజీకి బస్సులో పోయివచ్చే కూతురుంది. నోరు గట్టిదైనా మనసు మెత్తనిదైన అత్త ఉంది. లేనిదల్లా ఒక్కటే. చౌడమ్మకు తమ మగ్గం మీద నేసిన చీర పెట్టాలి, అది మాత్రం కుదరడం లేదు. నేతగాళ్ళ ఇంట్లో చీరకు కరువేమిటని నవ్వకండి. ముందు వినండి.

కళుగుమలైకి ఇవతల ఉన్న ఆ వీధి అంతా మన తెలుగువాళ్ళే. వీధి దాటితే అరవం, గడప లోపలికి వస్తే తెలుగు. ఇంటికి రెండేసి కరెంటు మగ్గాలు. వీధి మొదట్లో చౌడమ్మ గుడి. ఏటా పండుగకు ప్రతి ఇంటివాళ్ళూ తమ మగ్గం మీద దిగిన చీర ఒకటి అమ్మవారికి కట్టబెట్టాలి. తాతల నాటి కట్టు అది. ఆ చీరలో ఒక్క పోగు తెగకూడదు, ఒక్క గీత పడకూడదు.

ఆ గీత దగ్గరే వచ్చింది చిక్కంతా. కండెలో నూలు అయిపోయి మనంతట మనం పిడి లాగి మగ్గం ఆపామనుకోండి, ఏమీ కాదు. మెల్లగా సర్దుకుని మళ్ళీ నడిపితే గుడ్డ మీద ఆనవాలు కూడా ఉండదు. అదే మగ్గం మంచి ఊపులో ఉండగా కరెంటు పుటుక్కున పోతే, అడ్డపోగు మోసుకుపోయే నాడా దారి మధ్యలో నిలబడిపోతుంది. మళ్ళీ మొదలైన చోట పేక బిగువు మారి గుడ్డకు అడ్డంగా సన్నటి గీత పడుతుంది. ఎంత పనిమంతుడైనా దాన్ని చెరపలేడు. ఇక ఆ ఊరి కరెంటు సంగతి చెప్పాలా! గాలి వీస్తే పోతుంది, చినుకు పడితే పోతుంది, ఏమీ లేకపోతే ఊరికే పోతుంది. గీత పడిన చీరలను విరుదునగర్ వ్యాపారి తీసి పక్కన పడేస్తాడు. వాటిని ఇంటికి తెచ్చుకుని ఆడవాళ్ళే కట్టుకుంటారు. అందుకే ఆ వీధిలో ఏ ఆడమనిషి చీర చూసినా ఎక్కడో ఒకచోట గీత కనిపిస్తుంది.

చేతిమగ్గాలు పోయిన కొత్తలో ఎవరికో ఒకరికి కలిసొచ్చి మచ్చలేని చీర దిగేది. రానురాను అదీ లేదు. చివరికి పండుగ ముందు వీధంతా బస్సెక్కి విరుదునగర్ బట్టల కొట్టుకు పోయి అమ్మవారికి చీరలు కొనుక్కురావడం మొదలుపెట్టింది. నేతగాళ్ళు కొట్లో చీర కొనడం! సిగ్గుచేటు కాక మరేమిటి? వసంతి అత్త ముత్తమ్మాళ్ అయితే, కొన్న చీర పళ్ళెంలో పెట్టుకుని గుడికి పోతున్నంతసేపూ తల ఎత్తేది కాదు. ఆ రోజంతా ఎవరు పలకరించినా ముక్తసరిగా ఊ కొట్టేది. కాపురానికి వచ్చిన తొలి ఏడే వసంతి అది చూసింది. ఈమె చేత ఒక్కసారైనా తల ఎత్తుకుని గుడికి పోయేలా చేయాలని అప్పుడే అనుకుంది. ఇప్పుడు ముత్తమ్మాళ్‌కు డెబ్బై దాటాయి. ఇంకెన్ని పండుగలు చూస్తుందో ఎవరికి తెలుసు? వసంతికి తొందరంతా అదే.

మేడ మీద సోలారు పెట్టిద్దామని మొదట అన్నది వసంతే. మొగుడు శివరామన్ సరేనన్నాడు కానీ, బ్యాటరీ మాట ఎత్తగానే మొండికేశాడు.

"ఎండ కాసేది పగులు. మగ్గం నడిసేదీ పగులే. మద్దెలో బ్యాటరీ యాల? దాన్ని సాకేది ఎవరు?" అన్నాడు.

కోవిల్‌పట్టిలో సోలారు పనులు చేసే నరేన్ కూడా మన భాష మనిషే. "అన్నా, నా మాట విను. బ్యాటరీ లేకుంటే లైను కరెంటు పోయినప్పుడు ఇదీ నిలిసిపోతాది" అని తెలుగులోనే చెప్పాడు. శివరామన్ చెవిన పెడితేనా! ఎండ నెత్తిన కాస్తుంటే కరెంటు ఎందుకు నిలిచిపోతుంది, వీడికి బ్యాటరీ అంటగట్టాలని ఉంది, అంతే అనుకున్నాడు. తెలివైనవాళ్ళకే ఇలాంటివి తడతాయి.

పలకలు బిగించారు. వీధి వీధంతా మేడెక్కి చూసి పోయింది. వసంతి అందరికీ కాఫీలు ఇచ్చింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతుండగా కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. వాటితోపాటు వసంతి మగ్గమూ ఆగింది.

ఆ వీధిలో కరెంటు పోతే ఆడవాళ్ళంతా బయట అరుగుల మీదికి చేరతారు. మగ్గాల మోతలో మాటలు వినపడవు కాబట్టి, ఊసులన్నీ కరెంటు పోయినప్పుడే. ఎదురింటి సుబ్బులక్ష్మి అరుగు మీద కూర్చుని, నొసట చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూసింది.

"ఏమే వసంతీ, మీ సూరియునికీ కరెంటు పోయిందా?"

అరుగులన్నీ ఘొల్లుమన్నాయి. వసంతికి ఏడుపొక్కటే తక్కువ. లోపలికి పోయి మొగుడి మీద పడింది.

సాయంత్రం నరేన్ వచ్చి ఓపిగ్గా చెప్పాడు. "లైను పోయిందంటే యాడో ఒకడు స్తంబమెక్కి తీగ పట్టుకోని పని సేస్తా ఉంటాడు వదినా. మన మేడ మింద కరెంటు ఆ తీగలోకి పోతే వాని పానం పోతాది. అందుకే లైను పోతానే ఇది తనంతట తాను నిలిసిపోయేట్ల పెట్టినారు. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు పెట్టె పెట్టుకుంటే, లైనుతో పొత్తు తెంపుకోని మన ఇంటికి మాత్రం కరెంటు ఇస్తాది." శివరామన్ గోడ వైపు తిరిగి తల గోక్కున్నాడు.

పెట్టె మారింది. మగ్గాల గది మూలన బ్యాటరీ వచ్చి కూర్చుంది. ముత్తమ్మాళ్ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నరేన్ పోతూ పోతూ గట్టిగా చెప్పాడు. "ఒక మగ్గం, రెండు ఫ్యాన్లు, లైట్లు. అంతే. రెండో మగ్గం దీని మింద వెయ్యొద్దు. మిక్సీ, గ్రైండరు కూడా అప్పుడు వద్దు." వసంతి మూడుసార్లు తల ఊపింది. ఆమెకు కావలసింది ఒక్క మగ్గం, ఒక్క చీర.

పండుగ వారంలోకి వచ్చింది. శివరామన్ అరటిపండు రంగు పడుగు ఎక్కించాడు. ఎందుకైనా మంచిదని రెండు చీరలకు సరిపడా ఎక్కించాడు. అంచుకు కుంకుమ రంగు. పొద్దున్నే స్నానం చేసి, మగ్గానికి దణ్ణం పెట్టుకుని వసంతి నేత మొదలుపెట్టింది. పక్కన రాట్నం దగ్గర ముత్తమ్మాళ్ కండెలు చుడుతోంది. గుడ్డ అద్దంలా దిగుతోంది. సగం చీర అయింది.

అప్పుడు పోయింది కరెంటు.

వీధిలో మోత అంతా ఒక్కసారి ఆగిపోయింది. కానీ వసంతి ముందున్న మగ్గం ఆగలేదు! పైన ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, నాడా అటూ ఇటూ పరుగెడుతూనే ఉంది. "సౌడమ్మా, తల్లీ!" అని గట్టిగా అరిచింది. సుబ్బులక్ష్మి పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడింది. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు.

ఆ సంబరంలో ముత్తమ్మాళ్‌ను ఎవరూ గమనించలేదు. ఆమె రాట్నం వదిలి లేచింది. చకచకా గోడ దగ్గరికి పోయింది. మగ్గం స్విచ్చు టక్కున దించేసింది.

నాడా దారి మధ్యలో ఉండగానే మగ్గం ఆగిపోయింది.

ముత్తమ్మాళే మొదట అంది, కోపంగా. "కరెంటు పోయింది తెలీలేదా అమ్మే? స్విచ్చు దించకుండా ఏమి సూస్తా కూసున్నావు? తిరిగి వస్తే పోగులన్నీ తెగిపోవా?"

ఆమె తప్పు కాదండీ అది. కరెంటు పోగానే స్విచ్చు దించాలి. లేకపోతే తిరిగి వచ్చినప్పుడు మగ్గం ఒక్క ఉదుటున లేచి గుప్పెడు పోగులు తెంపేస్తుంది. ఆ వీధికి వచ్చిన కోడళ్ళందరికీ ఈ పాఠం చెప్పింది ముత్తమ్మాళే. ఇన్నేళ్ళుగా ఆమె చెవి సొంత మగ్గం మీద ఉండదు, వీధి మీద ఉంటుంది. వీధి సద్దు మణిగితే చాలు, చెయ్యి దానంతటది స్విచ్చు మీదికి పోతుంది.

అంతలో ఆమె చూపు తిరుగుతున్న ఫ్యాను మీద పడింది. తర్వాత లైటు మీద, తర్వాత గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళ మొహాల మీద. "అయ్యో! అయ్యో! నా సేతులు ఇరిగిపోనూ!" అంటూ అక్కడే కూలబడింది.

వసంతికి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేండ్లుగా కాసుకోని ఉంటినే! కడాకు మీ సేత్తోనే గీత పెట్టినారా?" అని కసిరింది. అనేసి చూస్తే, ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమె ఏడవడం వసంతి ఎన్నడూ చూడలేదు. మామ పోయినప్పుడు కూడా అంతమందిలో కన్నీరు పెట్టని మనిషి. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టానో వాళ్ళనే ఏడిపించానని వసంతికి తన మీద తనకే అసహ్యం వేసింది. పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

గుమ్మంలో సుబ్బులక్ష్మి ఆపుకుంది, ఆపుకుంది, ఇక ఆపుకోలేకపోయింది. "కరెంటాఫీసోళ్ళు సేసే పని మీరే సేసేస్తిరి గదా పెద్దమ్మా!" అని పక్కున నవ్వింది. వెనకున్న వాళ్ళూ నవ్వారు. వసంతికీ నవ్వొచ్చింది. చివరికి ముత్తమ్మాళ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఆమే అంది. "రెండో సీర నేసేటప్పుడు నేను ఇంట్లో ఉండను. సేను దిక్కు పోయి కూసుంటాను."

"అదే మంచిది. ఒక పూట సుబ్బులక్ష్మక్క ఇంట్లో ఉండు, అమ్మా" అన్నాడు శివరామన్.

వసంతి చారు వడ్డిస్తూ ఆగింది. ఇంట్లోంచి ఈమెను పంపించేసి నేసిన చీర ఎందుకు? ఈమె తల ఎత్తుకోవడానికా, ఇంకాస్త దించుకోవడానికా?

"ఎవురూ యాడికీ పోయేది లేదు. రెండోది మీరే నేయండత్తా" అంది.

శివరామన్ చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. "నీకేమన్నా పిచ్చా? పడుగు ఇంగ ఒక్క సీరకే ఉండాది. మళ్లా సేత్తో దించేసిందంటే? ఇంగో పడుగు ఎక్కించేకి దినాలు యాడుండాయి?"

"దించితే దించనీండి. అంగట్లో కొందాము. కొనేది మనకు కొత్తా?"

పైకి అలా అంది కానీ రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. మళ్ళీ గీత పడితే ఈసారి అత్తను ఎలా ఓదార్చాలో తెలియలేదు.

మర్నాడు గాలి మొదలైంది. తీగలు ఊగుతున్నాయంటే కరెంటు పోవడం ఖాయమే. ముత్తమ్మాళ్ కొంగు నడుముకు బిగించి మగ్గం ముందు నిలబడింది. నాలుగు వేళ్ళ గుడ్డ దిగేసరికి చేతులు పాత వాటం అందుకున్నాయి. ఆ వయసులో ఆమె నేస్తుంటే చూడాలి! కండె ఎప్పుడు అయిపోతుందో మగ్గం కంటే ముందే ఆమెకు తెలుస్తుంది. వసంతి వెళ్ళి స్విచ్చు పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. అత్త చెయ్యి వస్తే పట్టుకోవచ్చు. పట్టుకోకూడదని మాత్రం ఒట్టేసుకుంది.

చీర ముప్పాతిక అయ్యాక వీధి ఆగిపోయింది.

ముత్తమ్మాళ్ చెయ్యి లేచింది. సగం దూరం వచ్చింది. వసంతి గోడ దగ్గర నుంచి కదల్లేదు. ముసలామె చెయ్యి గాల్లో కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా కిందికి దిగి, నడుము దగ్గర కొంగును ఇంకాస్త బిగించుకుంది.

"నడువు" అంది మగ్గంతో. "నువ్వు నడువు."

మగ్గం నడిచింది. లైను కరెంటు ఎప్పుడు తిరిగొచ్చిందో కూడా ఎవరూ పట్టించుకోలేదు. చీర దిగాక శివరామన్ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూశాడు. ఇంకోసారి చూశాడు. తల్లి చేతిలో పెట్టాడు.

పండుగ నాడు ముత్తమ్మాళ్ తన చేత్తో గీత పెట్టిన మొదటి చీర తనే కట్టుకుంది, పట్టుబట్టి. రెండో చీర పళ్ళెంలో పెట్టుకుని వీధి నడుమ నడిచింది. ఆ రోజు ఆమె తల కిందికి దిగలేదు. అడగనివాళ్ళకు కూడా ఆగి ఆగి చూపించింది. వెనకాల పసుపు కుంకుమలు పట్టుకుని నడుస్తున్న వసంతికి కడుపు నిండిపోయింది. పక్కన కొన్న చీరతో నడుస్తున్న సుబ్బులక్ష్మి, "వచ్చే ఏటికి మా మేడ మిందికీ నరేన్‌ను పంపించవే" అని చెవిలో అంది.

పూజారి గోపాలసామి అమ్మవారికి అరటిపండు రంగు చీర కట్టి కుచ్చిళ్ళు పెట్టాడు. హారతి ఇచ్చాడు. అందరూ కళ్ళకద్దుకున్నారు. ముత్తమ్మాళ్ మాత్రం హారతి వైపు చూడలేదు. గడప దగ్గరికి జరిగి, చెయ్యి చాచి, అమ్మవారి చీర అంచు పట్టుకుంది. కళ్ళు మూసుకుని గుడ్డ మీద వేళ్ళు పెట్టి మెల్లగా తడుముతూ పోతోంది, ఒక్కో మూరే, ఒక్కో మూరే. వెనక వీధంతా చీరలు పట్టుకుని నిలబడి ఉంది.

"చాలమ్మా ముత్తమ్మా, జరుగు. జనం ఉండారు" అన్నాడు గోపాలసామి.

"ఉండు సామీ" అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "ఇంగా రెండు మూరలు ఉండాయి."