మేడమ్‌తో జత

మా అమ్మాయి బడి నుంచి వస్తూనే సంచి గుమ్మంలో పడేసి, "రేపు కళింగపట్నం ఎల్తన్నామమ్మా. పాత రేవు సూపిస్తారంట, లైట్‌హౌస్ ఎక్కిస్తారంట," అంది. పులిహోర కావాలట, నీళ్ల సీసా కొత్తది కావాలట. నాకు చేతిలో గరిటె ఆడలేదు.

ఆ రేవు నేనూ చూశాను, ఐదో తరగతిలో. చీపురుపల్లి నుంచి బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్లాం. ఒకప్పుడు ఓడలు ఆగిన చోటిదని మేడమ్ చెప్తుంటే మా కళ్లన్నీ నీళ్ల మీదే. తప్పిపోకుండా ఇద్దరిద్దర్ని జత కట్టారు. చివరికి ఒక్కదాన్నే మిగిలిపోయాను. మేడమ్ నన్ను తనకే జత చేసుకుంది. ఆ రోజు నా గీర చూడాలి. తక్కినవాళ్లంతా కుళ్లుకుని చచ్చారు.

సాయంత్రానికి ఆకాశం నల్లబడింది. నేను ఒంటికని పాడుబడ్డ గిడ్డంగి గోడ వెనక్కి వెళ్లాను. ఇంతలో డ్రైవరు గొంతు వినిపించింది. "గాలి లేస్తన్నాది, బేగి ఎక్కండర్రా." వెంటనే మేడమ్, "మీ జత ఉన్నాదో లేదో సూసుకోండి," అంది. "ఉన్నాది మేడమ్," అని అందరూ ఒక్కసారే అరిచారు. నా తరఫున చెప్పాల్సింది మేడమే. ఆవిడేమో వాంతులు చేసుకుంటున్న పిల్లని బస్సెక్కిస్తోంది. నేను నాడా ముడేసుకుని పరిగెత్తేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే వినడానికి మనిషుండాలి కదా. పొద్దున్న మేం గవ్వలేరిన చోటు నీళ్లలో మునిగిపోయింది. గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. కెరటం వచ్చి వెళ్లిన ప్రతిసారీ తడి ఇసుక నావైపు ఇంకాస్త జరుగుతోంది. లైట్‌హౌస్ దీపం వెలిగింది. వెలుగు నా మీదుగా వచ్చి సముద్రం వైపు పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చూసి కూడా ఆగదేమని దానిమీద ఒళ్లు మండింది. ఆ తర్వాత భయమేసింది. ఆ భయం ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది.

దారిలో సిక్కోలు ఊరు దగ్గరపడ్డాక మేడమ్ ఆ వాంతుల పిల్ల దగ్గర్నుంచి లేచి తన సీటుకొచ్చి, పక్కన నేను లేకపోవడం చూసిందట. బస్సు వెనక్కి తిప్పించింది. నన్ను ఒక్క మాట అనలేదు. చీపురుపల్లి దాకా నా మణికట్టు మాత్రం వదల్లేదు. మళ్లీ ఎక్కడికీ పంపరని ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

"రేపు ఎవుల్తోనే నీ జత?" అని అడిగాను.

మా అమ్మాయి అద్దంలో జడ చూసుకుంటోంది. "అందరికీ జతలు కుదిరిపోనాయమ్మా, నేనొక్కర్తినే మిగిలాను. అందుకే మేడమ్‌తో," అంది గీరగా.

స్టవ్ కట్టేసి అద్దం దగ్గరికి వెళ్లాను.

"రేపు నేనూ వస్తన్నాను. నీ జత నేనే," అన్నాను.

"సరేలే. ముందు సెయ్యి వదులు, నొప్పెడతన్నాది," అంది.