అయ్యగారి నోటి వాసన

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక మా పాస్టరు వేలి మీద ఓటు సిరా కనబడింది. చిన్నప్పుడు మా ఊళ్లో ప్రార్థన గుడి చూసుకున్న అయ్యగారు గుర్తొచ్చి దుఃఖం ఆగలేదు.

రజాకార్లు పోయి, మా వైపు మొదటిసారి ఓట్లు వచ్చిన కాలమది. నిలబడ్డది ఇద్దరు. ఒకరు మా గుడికి పైకప్పు వేయించిన దొర. రెండో మనిషి కల్లు తాగి తూలేవాడు. ఎవరికి వేస్తావని పెద్దలు అడిగితే అయ్యగారు దాచలేదు.

“దొర కల్లు ముట్టడు, నిజమే. గానీ మనతోని వెట్టి చేయించిండు. ఆ తాగేటోడే వెట్టి వద్దని దెబ్బలు తిన్నడు. నా ఓటు ఆయనకే. మీరు మీ మనసునడిగి ఏయుండ్రి.”

“తాగుబోతుకు ఓటేసే అయ్యగారికి మన బియ్యమెందుకు? కల్లుకుండనే సాదుతది తియ్యి!” అన్నాడు మా పెదనాయన.

ఇంటింటా వండేముందు అయ్యగారి కోసం పిడికెడు బియ్యం తీసిపెట్టేవారు. ఆయన పొయ్యి వెలిగేది దానితోనే. ఆ వారం నుంచి ఏ ఇంటి నుంచీ గింజ పోలేదు.

తాగేవాడికి ఓటంటే అయ్యగారూ తాగుతారనుకున్నాను. ఒకనాడు ఆయన వంగి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తుంటే నోటి వాసన చూశాను. పుల్లగా కొట్టింది. ఇంటికి ఉరికాను.

“అమ్మా, అయ్యగారు తాగిండే!”

పెదనాయన మాట దాటలేని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “తాగలే బిడ్డా” అని మాత్రం అన్నది.

అది ఖాళీ కడుపు వాసన అని పెద్దయ్యాక, పస్తులున్న రోజుల్లో, నా నోట్లోనే తెలిసింది.