సారు అంగి ఆరిన పాఠం

ఉమారాణికి చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి. చేతికి ఏది దొరికినా నీళ్లల్ల ఏసి చూసుడు. తేలుతదా, మునుగుతదా? బాపు ఐలేశం గొర్లను వాగు దాటిస్తుంటె ఆయన చెప్పులు నీళ్లల్ల ఇడిసింది. తేలినయి. తేలుకుంట పోనే పోయినయి. బాపు ముండ్లల్ల వట్టికాళ్లతోని నడుసుకుంట తిడుతాంటె, ఎనుక నుంచి ఈమె, "మునుగుతయనుకున్న బాపూ!" అన్నది.

గసొంటి పిల్ల పెద్దదై, కేతేపల్లి దగ్గర ఒక ఊరి ప్రాథమిక బడికి టీచరై వచ్చింది. ఇగ ఆ బడిల పుస్తకాలు తెరుసుడు తక్కువ, నేల తుడుసుడు ఎక్కువ.

ఒకనాడు గ్లాసు నిండ నీళ్లు పోసి, మూతి మీద అట్టముక్క పెట్టి, బోర్లించి, అట్ట మీది చెయ్యి తీసింది. చుక్క పడలె.

"కింది నుంచి గాలి అట్టను పైకి నూకుతాంది. కండ్లకు కనవడదు గని, గాలికి మస్తు బలముంటది" అన్నది.

మూడో తరగతి మనస్విని ఆ గ్లాసు విద్దెను ఇంటికి మోసుకపోయింది. ఆదివారం పగటీలి నాయినమ్మ భద్రమ్మ మంచంల గుర్రుపెడుతాంటె, సరిగ్గ ఆమె మొఖం మీదనే గ్లాసు బోర్లించింది. అట్ట దొరకలేదని పలచటి కాయితం పెట్టింది. అది నాని జారింది. భద్రమ్మ లేసిన లేసుడుకు దొడ్లె మేకలు బెదిరినయి.

"నీళ్లు పడయని టీచరే చెప్పింది అవ్వా!" అన్నది మనస్విని, అందనంత దూరంల నిలవడి.

ఆ వారమే కృష్ణకాంత్ సారు బడి తనిఖీకి వచ్చిండు. భద్రమ్మ గేటు కాడనే ఎదురువోయి, తడిసిన సంగతంత చెప్పి, టీచరుకు ఎట్ల తిట్లు పడుతయో చూద్దామని తలుపు పక్కన కూసున్నది.

"గిదేం చదువమ్మా?" అన్నడు సారు.

"చూస్తె మీకే ఎరుకైతది సార్."

"ఏది, నేనే చేస్త."

ఉమారాణి ఒక స్టీలు గ్లాసు అందిచ్చింది. దాని అంచుకు సొట్ట ఉన్నది. కావాలని ఇచ్చిందా అంటె ఇప్పటికీ నవ్వుతది తప్ప నోరిప్పదు. సారు నీళ్లు నింపి, అట్ట పెట్టి, గ్లాసు బోర్లించి, పిల్లలందరికి కనవడాలని నెత్తి మీదికి ఎత్తి, చెయ్యి తీసిండు. బుడబుడమని నీళ్లన్ని అంగి మీదికే దిగినయి.

ముందుగాల నవ్వింది భద్రమ్మే. "మనిద్దరిది ఒకటే గతి అయింది గద సారూ!" అన్నది. ఇగ పిల్లలు ఆగుతరా?

"సొట్టల నుంచి గాలి లోపలికి పోయింది సార్" అన్నది మనస్విని.

సారు మొఖం ఎర్రగైంది. ఉమారాణి మాత్రం ఆగలె. "అంగి ఇయ్యున్రి సార్, ఆరేస్తం. ఆరుడు గూడ పాఠమే."

భద్రమ్మ ఇంటికి ఉరికి, పెనిమిటి గొంగడి తెచ్చి సారు మీద కప్పింది. ఎండకాలంల గొంగడి కప్పుకోని కుర్చీల కూసున్న ఆఫీసరును పిల్లలు మల్ల చూడరు. ఆ అంగి ఒక చెయ్యిని చుట్టచుట్టి పిన్నీసు పెట్టిన్రు, ఇంకో చెయ్యిని తీగె మీద సాపిన్రు. ఎండ ఒకటే, గాలి ఒకటే. ఏది ముందు ఆరుతది? పందెం మొదలైంది. కొద్దిసేపటికి సారు గూడ గొంగడితోనే బయటికి వచ్చి, సాపిన చెయ్యిని ముట్టి చూసి, "ఆరింది! ఇది ఆరింది!" అని పిల్లల కంటె ముందు ఒర్లిండు.

"ఎందుకు సార్?" అన్నది ఉమారాణి.

"గాలి, ఎండ అంతట తాకినయి గద" అన్నడు సారు. అన్నంక గని, టీచరు తననే పాఠం అడుగుతాందని సమజు కాలె. నవ్వు ఆపుకోలేకపోయిండు. అంగి ఏసుకోని ఒక్క తిట్టు తిట్టకుండ బండెక్కిండు.

తెల్లారి భద్రమ్మ మల్ల బడికొచ్చింది. ఉమారాణి చేతిల గ్లాసును ఎనుకకు దాసుకున్నది.

"టీచరమ్మా, కుండకు తడిబట్ట చుడితె నీళ్లు ఎందుకు సల్లగైతయి?"

"చెప్తె ఏం మజా అవ్వా? చేసి చూద్దాం. రేపు రెండు కుండలు తెస్తవా?"

"తెస్త గని, నా మీద పొయ్యనని ఒట్టెయ్యి."

ఉమారాణి ఒట్టేసింది. మర్నాడు భద్రమ్మ రెండు కుండలు తెచ్చి, ఎందుకైనా మంచిదని కొంగు నడుముకు బిగించి, మనస్వినికి అందనంత ఎడంగ కూసున్నది.