పసుపు నీళ్ళు తాగిన మైకు

మా వీధిలో పాట రికార్డు చేయాలంటే కరెంటు పోవాలి. వినేవాళ్ళకు వేళాకోళంగా ఉంటుంది గానీ, తిరుత్తణిలో మేముండే నేతవాళ్ళ వీధిలో ఒక్క పూట నిలబడితే సంగతి తెలుస్తుంది. ఇంటికి రెండు చొప్పున పవర్‌లూములు. తెల్లారింది మొదలు అవి ఆడుతూనే ఉంటాయి, ఎదుటి మనిషి పెదాలు చూసి మాట అర్థం చేసుకోవాల్సిందే. అలాంటి చోట, మా మగ్గాలు అమ్మేయగా ఖాళీ అయిన గదికి పాత పరుపులూ జంపఖానాలూ గోడలకు కొట్టి స్టూడియో అని బోర్డు పెట్టిన ప్రబుద్ధుణ్ణి నేను. ఆటోల్లో తిప్పే చీరల దుకాణాల ప్రకటనలూ, కావడి మొక్కులవాళ్ళ పాటలూ నా వ్యాపారం. ప్రకటనలకైతే ఎలాగో సర్దుకునేవాణ్ణి. మంచి పాట పట్టాలంటే మాత్రం, నెలకోసారి మరమ్మతుల కోసం పగలంతా కరెంటు ఆపే రోజు దాకా కాచుకోవాలి. ఆ రోజు మగ్గాలన్నీ ఆగుతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ నాకు పండగే.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. రెండు వీధుల అవతల ఉంటుంది. మావాళ్ళలో ఎవరింట పెళ్ళయినా హారతి పాట ఎత్తుకోవాల్సింది ఆమే. ఆ పాటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంది, తెలుగు పాటలే గానీ అరవ అక్షరాల్లో. మేం బడిలో చదివింది అరవమే మరి. పుస్తకం ఎవరి చేతికిచ్చినా మాటలు చదువుతారు, వరస మాత్రం రాదు. వరస అక్క గొంతులోనే ఉంది. "ఒక రోజు అన్నీ పట్టేస్తానక్కా, ముందు మంచి మైకు రానీ" అని ఆరేళ్ళుగా చెబుతూ వచ్చాను. అక్క ఒక్కసారి కూడా ఎప్పుడని అడగలేదు.

ఈలోగా ఆమె మెడలో గడ్డ కనిపించింది. తిరువళ్ళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి, పదిహేను రోజుల్లో ఆపరేషను పెట్టుకుందామంది. ప్రాణానికేమీ భయం లేదట. గొంతు మాత్రం మునుపటిలాగే ఉంటుందని చెప్పలేనంది. బస్సులో తిరిగి వస్తుంటే అక్క కిటికీ పక్కన కూర్చుని జామకాయ కొరుకుతూ, "ఇన్నేండ్లు నా అరుపులు పడినాడు మీ బావ. ఆయనకు గూడా కొంచెం సుకం కావల్ల గదరా" అంది. నాకు నవ్వు రాలేదు. ఆపరేషను సోమవారం. దాని ముందు శనివారం మా వీధికి కరెంటు ఆపుతారు. నాకు మిగిలింది ఆ ఒక్క రోజే.

మర్నాడే చెన్నై వెళ్ళి, గదికి ఏసీ పెట్టించుకుందామని దాచినదంతా పోసి కొత్త కండెన్సర్ మైకు కొన్నాను. రైల్లో దాని పెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. సాయంత్రం అక్క చూడటానికి వచ్చింది. పెట్టె విప్పి ఆమె ముందు పెట్టి, పార్సిలు ఆఫీసులో ఉన్న స్టాండు తేవడానికి వెళ్ళాను. అరగంటలో తిరిగొచ్చేసరికి మైకు తమలపాకు మీద కూర్చుని ఉంది. దాని జాలీలోంచి పసుపు నీళ్ళు కారుతున్నాయి.

మా ఇళ్ళలో కొత్త పనిముట్టు ఏది వచ్చినా ముందు పసుపు నీళ్ళతో కడుగుతారు. పోగును మోసే నాడెను కడగకుండా మా అమ్మ ఒక్క పోగు కూడా నేయలేదు. ఆ ఆచారం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా మైకును అక్క ముందు వదిలి వెళ్ళానంటే తప్పు ఎవరిది? ఆ ఆలోచన తర్వాత వచ్చింది. అప్పటికి నోరే ముందు లేచింది.

"ఏం చేసినావక్కా దాన్ని?"

"కడిగినాను. కొత్త నాడె వస్తే కడగమా? ఇదీ అంతే గదా. లోపలికి గూడా పోయేట్టు బాగా తడిపినాను."

"నీకు బుద్ధుండాదా? చేతులూరుకోవా నీకు? ఇంగ ఈ గదిలోకి అడుగు పెట్టొద్దు."

అక్క చేతులు కొంగుకు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నన్ను చూసే అనేది. ఎవరి కోసం ఆ మైకు కొన్నానో ఆ మనిషినే గడప దాటించాను.

మైకును రెండు రోజులు ఎండబెట్టినా అప్పడాలు వేగిన చప్పుడే. చెన్నైలో రిపేరు చేసే ఆయన విప్పి చూపించాడు. లోపల ఉల్లిపొర కంటే పలుచని రేకు ఒకటి ఉంటుంది, అదే గొంతును పట్టేది. దాని మీద పసుపు అట్టకట్టింది. కొత్తది తెప్పించి వేయాలి, మూడు వారాలు పడుతుందన్నాడు. ఇంకో కొత్త మైకు కొనే తాహతు నాకు లేదు. ఫోనులో పాత సామాన్ల అమ్మకాలు వెదికితే తిరునిన్రవూరులో ఒకాయన మైకు అమ్ముతున్నట్టు కనిపించింది. గురువారం అరక్కోణం లైనులో రైలెక్కి వెళ్ళాను.

ఆయన ఒకప్పుడు భక్తి పాటల క్యాసెట్లు చేసినవాడు. అరవాయన. ఇప్పుడు పని లేక స్టూడియో మూసేస్తున్నాడు. మైకును బియ్యం డబ్బాలోంచి తీశాడు. చెమ్మ తగలకుండా అలాగే దాచాడట. నేను అలవాటుగా వన్, టూ, త్రీ అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాత మైకును మాట్లాడి చూడకూడదు తంబీ. మాట్లాడకుండా చూడాలి. అందులో ఏమైనా రోగముంటే ఊరకున్నప్పుడే బయటపడుతుంది" అన్నాడు.

హెడ్‌ఫోను పెట్టుకుని ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. మైకులో ఏ రొదా లేదు. గోడ గడియారం, పక్కింటి కుక్కరు, నా ఊపిరి వినిపించాయి. ఆ నిశ్శబ్దంలో నాకు నా అరుపే గుర్తొచ్చింది. హెడ్‌ఫోను తీసి, అడగకుండానే మా అక్క సంగతీ పసుపు నీళ్ళ సంగతీ చెప్పుకున్నాను. ఆయన నవ్వి మైకును తిప్పి చూపించాడు. అడుగున చిన్న కుంకుమ బొట్టు, ఏళ్ళనాటిది, ఎండి నల్లబడింది. "మా ఆవిడ పెట్టింది. మీ అక్క కంటే తెలివైనది, కిందపక్క పెట్టింది" అన్నాడు. లోపలి నుంచి ఆవిడ వచ్చి మైకును కొత్త తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చింది. ఆపరేషను అయ్యాక ఎలా ఉందో ఫోను చేసి చెప్పమంది.

శనివారం తొమ్మిదింటికి కరెంటు పోయింది. మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. బావ చేత కబురు పంపితే అక్క వచ్చింది గానీ గడప బయటే నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని.

"రాక్కా లోపలికి."

"వద్దులేరా. ఈడి నుంచే పాడతా. మళ్ళీ ఏమన్నా తాకిస్తానేమో."

కుంకుమ భరిణె తెచ్చి ఆమె ముందు పట్టాను. "నేనన్నది తప్పేక్కా. నువ్వు బొట్టు పెడితేనే మొదలు పెడతా. పొడి బొట్టు పెట్టు, చాలు" అన్నాను. అక్క నన్ను కాసేపు చూసి, వేలితో రవ్వంత కుంకుమ తీసి మైకు అడుగున, ఆ పాత బొట్టు పక్కనే పెట్టింది. ఆ తర్వాత వేలిని మూడుసార్లు తుడుచుకుంది. పిచ్చి తల్లి.

బ్యాటరీ ఉన్నంతసేపూ పాడింది. పదకొండు పాటలు. రెండు పాటల మధ్య ఊపిరి తీసుకుంటూ, "నువ్వు తిన్నావా?" అని నన్ను అడిగింది. అది కూడా రికార్డయింది. నేను కోయలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. పది రోజులు మాట్లాడకూడదన్నారు. పదకొండో రోజు తెలియని నంబరు నుంచి నాకు ఫోను వచ్చింది. బొంగురుగా, సన్నగా, ఎవరో ముసలామె హలో అంది. "యారమ్మా నీంగ? ఎవరు కావాలి?" అన్నాను. అవతల దగ్గు వినిపించింది. తర్వాత ఆ గొంతే మెల్లగా, "నేనేరా. మీ అక్కను. కూతురు ఫోనులో చేస్తాండా" అంది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అక్క మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను ఏడుస్తూ, "నిన్ను గుర్తు పట్టలేకపోయినానక్కా" అన్నాను.

"నాకే తెలీలేదురా, నీకెట్ల తెలస్తాది. పొద్దన్నే కూతుర్ని పిలిస్తే, ఇంట్లో ఇంకెవురో ఉండారనుకొన్నా."

"పాత గొంతు భద్రంగా ఉందక్కా నా దగ్గర. తెచ్చి వినిపించనా?"

"ఆయమ్మను మీరు వినండి. నాకు ఇంగ ఈయమ్మతోనే గదా కాపరం. పో, సీక్రం మైకు తే. ఈమెను గూడా పట్టు."

"ఇంగో నాలుగు నాళ్ళు పోనీక్కా. గొంతు కొంచెం సరిపడనీ."

"ఆరేండ్లు కాసుకున్నావు గదరా. చాల్లే."

తెచ్చి పెట్టాను. అక్క చిక్కుళ్ళ చేట పక్కకు జరిపి, హారతి పాట ఎత్తుకుంది. రెండో చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట గొంతు విరిగింది. ఆగింది. నేను ఆపేద్దామని చెయ్యి చాపాను. అక్క నా చెయ్యి పక్కకు నెట్టి, కళ్ళు మూసుకుని, పాట శ్రుతిని కిందికి దించి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.