ఏ మాట కొట్టి వెతకాలి

కడియంలో నేను పనిచేసే నర్సరీకి సొంత మెయిల్ సర్వరు ఉంది. అందరిలా బయటి కంపెనీ మెయిలు వాడుకోకుండా, ఆఫీసు వెనక గదిలో వేపపిండి బస్తాల పక్కన ఒక కంప్యూటరు పెట్టి, వచ్చే ఈమెయిళ్ళన్నీ అందులోనే దాచుకుంటాం. మన ఉత్తరాలు మన దగ్గరే ఉండాలన్నది మా ఓనరు గారి పట్టుదల. ఆ కంప్యూటరు బాధ్యత నాది.

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. చిన్నప్పుడు గుండెలో ఏదో లోపమని డాక్టర్లు పరుగులు, మెట్లు వద్దన్నారు. నాన్నగారు ఇంట్లోనే పలక పట్టించి దిద్దించారు. కంప్యూటరు కూడా ఆయన రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్టు నుంచి తెచ్చిన పుస్తకాలు చూసే నేర్చుకున్నాను. అక్షరం నాన్నగారు పెట్టారు. అన్నం బాబాయి గారు పెట్టారు.

బాబాయి గారు మాకు చుట్టం కాదు. నర్సరీలో ఉత్తరాల వ్యవహారం మొదటి నుంచీ చూస్తున్న పెద్దాయన. లోడింగు వాళ్ళ దగ్గర్నుంచి ఓనరు గారి దాకా అందరికీ ఆయన బాబాయి గారే. సర్టిఫికెట్టు ముక్క లేని నన్ను ఎవరూ పనిలో పెట్టుకోని రోజుల్లో, "ఈ అమ్మాయికి వాక్యం రాయడం వచ్చండి, మిగతాది నేను నేర్పుకుంటాను" అని ఓనరు గారికి చెప్పి పక్క టేబులు ఇప్పించారు. మూడు నెలలయ్యాక, గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. సర్వరు పాస్‌వర్డు.

"ఇన్నాళ్ళూ స్వామి దగ్గర దాచానమ్మా. ఇక నువ్వు దాచు."

ఆ రోజు ఇంటికొచ్చి దీపం పెట్టి ఏడ్చాను. ఇప్పటికీ ఆ కాగితం నా దేవుడి గూట్లోనే ఉంది.

ఆయనకి గుర్తుండని సంగతి ఉండేది కాదు. ఏ ఊరివాళ్ళు ఫోన్ చేసి "నాలుగేళ్ళ కింద మీ దగ్గర ఏదో సంపెంగ తీసుకున్నామండి" అన్నా, "సింహాచలం సంపెంగండి, నలభై మొక్కలు, రెండు దారిలో చచ్చిపోయాయని రాశారు" అని అక్కడికక్కడే చెప్పేవారు. లోడింగు వాళ్ళకి అదొక ఆట.

"బాబాయి గారూ, మా బావమరిది పెళ్ళి ఎప్పుడైందో చెప్పండి చూద్దాం."

"నువ్వు మూడు రోజులని చెప్పి తొమ్మిదో రోజున వచ్చినప్పుడు. వచ్చాక కూడా రెండు రోజులు మత్తుగానే ఉన్నావు."

అందరూ నవ్వేవారు. ఆయన నవ్వకుండా కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

రెండేళ్ళ కిందట ఆయన ఫోన్లో కొత్త మాట ఒకటి మొదలైంది. "ఒక్క నిమిషం అండి, సర్వరు స్లోగా ఉంది." అందులో అబద్ధం లేదు. పదిహేనేళ్ళ ఉత్తరాలు, ప్రతిదానికీ మొక్కల ఫోటోలు. మా పాత సర్వరు ఒక మాట వెతకమంటే మొదటి ఉత్తరం నుంచి వరసగా ఒక్కొక్కటీ విప్పి చూసేది. ఆలోగా మేము టీ తాగి గ్లాసులు కడుక్కునేవాళ్ళం. కానీ ఇంతకు ముందు ఆయన వెతికేవారే కాదన్న సంగతి నాకు తట్టలేదు.

పోయిన తొలకరిలో తెల్ల కాగితాల పూల మొక్కలు అడిగిన పార్టీకి గులాబీ రంగువి వెళ్ళాయి. అది రెండోసారి. ఓనరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఏంటమ్మా ఈ సర్వరు? బాబాయి గారు వెతికేలోపు అవతలాళ్ళు ఫోన్ పెట్టేస్తున్నారు."

"మెయిళ్ళు పెరిగిపోయాయండి. వెతికే పద్ధతి పాతది."

"కొత్తది చూడు మరి. దసరాలోగా తేల్చెయ్. దానివల్లా కాకపోతే పెద్దాయన్ని ఇంటి దగ్గర కూర్చోమనాల్సిందే. పాపం, ఆ తిప్పలు నేను చూళ్ళేకపోతున్నాను."

"ఆయ్. అలాగేనండి."

ఇంటి దగ్గర ఆయనకి ఎవరూ లేరు. పిన్నిగారు పోయి ఆరేళ్ళు. పొద్దున్నే ఎనిమిదింటికల్లా వచ్చి ఆ కుర్చీలో కూర్చోవడమే ఆయనకున్న సంసారం. ఆ కుర్చీ నేను ఎంచే సాఫ్ట్‌వేరు మీద ఆధారపడి ఉందని అర్థమై, బయటికొచ్చాక కాసేపు స్వామి పటం ముందు నిలబడ్డాను.

మూడు రకాలు తెచ్చి పరీక్షించాను. మొదటిది మా పాత పద్ధతే, కాస్త చురుకైంది. ఒక్కో ఉత్తరం విప్పి అక్షరం అక్షరం చూస్తుంది కాబట్టి దేన్నీ వదలదు, కానీ ఆలస్యం తప్పదు. రెండోది తెలివైంది. పెద్ద పుస్తకాలకి చివర పదాల పట్టిక ఉంటుందే, ఫలానా మాట ఫలానా పేజీలో ఉందని, అలాంటి పట్టిక ముందే కట్టుకుని ఉంచుకుంటుంది. అడగ్గానే చెప్పేస్తుంది. కానీ మాటని మాటగానే ఎరుగుతుంది. ఒక్క అక్షరం తేడా వస్తే అది వేరే మాటే దానికి. మూడోది ప్రతి మాటనీ ముక్కలు చేసి ఆ ముక్కలన్నిటికీ పట్టిక కడుతుంది. ఆ పట్టిక ఉత్తరాల కంటే పెద్దదై, మా కంప్యూటరు మినప్పప్పు రుబ్బుతున్న మిక్సీలా అరిచి ఆగిపోయింది.

పరీక్షకి అన్నిటికంటే పెద్ద మెయిల్ బాక్సు కావాలి. అది బాబాయి గారిది. అడిగాను.

"తీసుకోమ్మా. అందులో ఏముంటాయి, మొక్కలే కదా."

అందుకని మొక్క అన్న మాటే కొట్టాను. మా దగ్గర తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం అలవాటు. రెండో సాఫ్ట్‌వేరు కన్ను మూసి తెరిచేలోగా వేల ఉత్తరాలు చూపించింది. వరసగా ఆర్డర్లు, వాటి మధ్యలో ఒక ఉత్తరం బాబాయి గారి నుంచి బాబాయి గారికే ఉంది.

"గుర్తు. అన్నవరం మొక్క. ఆవిడ పేరు మీద. ఇంకా తీరలేదు."

అన్నవరం ఎవరికి ఏ మొక్క పంపాలా అనుకున్నాను ముందు. ఇంకోసారి చదివితే అర్థమైంది. అది మొక్క కాదు, మొక్కు. స్పెల్లింగు తప్పు పడింది. పిన్నిగారి పేర మొక్కుకున్నది.

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. గుర్తు అన్న మాట కొట్టాను. అన్నీ ఆయన తనకి తాను రాసుకున్నవే, రెండేళ్ళవి. గుర్తు, విశాఖ పార్టీ తెలుపు అడిగింది, గులాబీ కాదు. గుర్తు, అన్నం తిన్నాక మాత్ర. గుర్తు, మాత్ర వేసుకున్నాను. గుర్తు, గోడ మీది కేలెండరు పోయిన నెలది. తీరిక దొరికితే రామకోటి రాస్తాను నేను. ఒకే మాట, పేజీలకి పేజీలు. ఈయనా ఒక కోటి రాస్తున్నారనిపించింది. ఫోన్లో ఆయన ఒక్క నిమిషం అడిగేది సర్వరు కోసం కాదు, తన కోసం.

తర్వాత ఇది కనిపించింది: "గుర్తు. పక్క టేబులు అమ్మాయి. నాన్నగారు పోయారు. మళ్ళీ అడగకు."

నాన్నగారు చనిపోయిన ఏడాదిలో బాబాయి గారు నన్ను మూడుసార్లు అడిగారు, నాన్నగారు ఎలా ఉన్నారని. మూడోసారి నేను మొహం చిట్లించుకుని లేచి వెళ్ళిపోయాను. పెద్దాయనకి ఇంత పరాకా అనుకున్నాను. ఆ వేళే రాసుకున్నారన్నమాట.

ఎవరితోనూ అనలేదు. ఆయనతో కూడా అనలేదు. కానీ ఏది ఎంచాలో తేలిపోయింది. ఈ ఉత్తరాలు ఆయనకి రెప్పపాటులో దొరికితే, ఫోన్లో ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది. కుర్చీ నిలుస్తుంది. రెండోదే కావాలి. చిక్కల్లా స్పెల్లింగుతో. ఆ గుర్తు అన్న ఒక్క మాటని ఆయన ఒకచోట టి ఒక్కటే పెట్టి రాశారు, ఇంకోచోట పక్కన హెచ్ చేర్చారు, ఇంకోచోట మధ్యలో యు ఎక్కువైంది. ఈ మధ్యవాటిలో అక్షరాలు ముందు వెనకలయ్యాయి. పాత సర్వరైతే ఓపిగ్గా తవ్వి కొన్నయినా తెచ్చేది. ఇది తేదు.

దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా పలుకుతాడని నాన్నగారు చెప్పేవారు. యంత్రం అలా పలకదు. అయితే దానికి నేర్పవచ్చు. ఈ మాటా ఆ మాటా ఒకటేనని ఒక జాబితా రాసిస్తే, దేన్ని అడిగినా అన్నిటినీ తెస్తుంది. మధ్యాహ్నం అన్నాల వేళ ఆయన పాత ఉత్తరాలు పట్టుకుని కూర్చుని, ఆయన తప్పులన్నీ నా రామకోటి పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. గుర్తుకి పదకొండు రూపాలు. సంపెంగకి ఏడు. మొక్కా మొక్కూ ఒకటేనని కూడా రాశాను. రాస్తుంటే అది అబద్ధం కాదనే అనిపించింది.

దసరాకి సర్వరు మార్చాం. బాబాయి గారే దానికి పసుపు కుంకుమ పెట్టారు. ఓనరు గారు నిలబడి ఏవో పది మాటలు కొట్టించారు. అడిగినవన్నీ అడిగినట్టే వచ్చాయి.

"ఇంకేంటండి బాబాయి గారూ, ఇక మీకు టీ తాగే టైము కూడా ఉండదు."

"తాగొచ్చాకే వెతుకుతానండి," అన్నారాయన. అందరూ నవ్వారు. కుర్చీ నిలిచింది. ఆ రాత్రి స్వామికి ఎన్ని దణ్ణాలు పెట్టానో.

వారం తిరక్కుండా ఒక ఫోన్ వచ్చింది. బాబాయి గారు రిసీవరు భుజానికి ఆనించుకుని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి అలాగే ఉండిపోయారు. వెతికే గడి ఖాళీగా ఉంది. నా వైపు తిరిగి, చిన్నగా అన్నారు.

"ఏ మాట కొట్టాలమ్మా?"

నేను మూడు సాఫ్ట్‌వేర్లు కొలిచాను. ఎంత వేగమో, ఎంత చోటు తింటుందో, ఏ తప్పుని క్షమిస్తుందో చూశాను. వెతకడానికి ముందు ఒక మాట మనిషి దగ్గర ఉండాలన్నది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

రిసీవరులోంచి అవతలివాళ్ళ మాట నా దాకా వినిపిస్తోంది. "సపోటా అని కొట్టండి బాబాయి గారూ," అన్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు అలాగే గడిచింది. ఫోన్లో అవతలివాళ్ళ మాటలు చెవిన వేసుకుని నేను మాట అందించేదాన్ని, ఆయన కొట్టేవారు. బయటివాళ్ళకి ఏమీ తేడా కనపడలేదు. ఇలా ఒక్కొక్క రోజూ దాటించినందుకు స్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని. అంత మాత్రానికి తృప్తి పడ్డానేమో అని ఇప్పుడనిపిస్తుంది.

మాఘమాసంలో ఏకాదశికి అన్నవరం వెళ్దామనుకున్నాను. ఆయన తీర్చని మొక్కు నా మనసులో ముల్లులా ఉంది. కుర్చీ నిలిచినందుకు నా దణ్ణం కూడా బాకీ ఉంది.

"మీరూ రండి బాబాయి గారూ. పిన్నిగారి పేరు మీద దర్శనం చేసుకుందురు గాని."

"ఇద్దరం వెళ్తే ఫోన్లు ఎవరు చూస్తారు? నువ్వెళ్ళు. నా దణ్ణం కూడా పెట్టు."

కొండ మీద జనం బాగా ఉన్నారు. గోత్రం తెలియక, పిన్నిగారి పేరు మాత్రం చెప్పి అర్చన చేయించాను. మనసు తేలికపడింది. విస్తరాకులో ప్రసాదం రెండు పొట్లాలు కట్టించుకుని మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వచ్చాను. బాబాయి గారి కుర్చీ గోడవైపు తిప్పి ఉంది.

ముందు రోజు పెద్ద పార్టీ ఫోన్ చేసిందట. ఓనరు గారు పక్కనే నిలబడి ఉన్నారట. బాబాయి గారు ఏదో కొట్టడం, చెరపడం, మళ్ళీ అదే కొట్టడం. అవతల ఫోన్ పెట్టేసినా ఆగలేదట.

"నీ సర్వరు బాగానే ఉందమ్మా," అన్నారు ఓనరు గారు. గొంతులో కోపం లేదు. "లోపం దాన్లో కాదు. నేనే ఆటో ఎక్కించి పంపాను. ఆయన మెయిల్ బాక్సు కొత్తగా వచ్చేవాళ్ళకి సర్దిపెట్టు."

"ఆయ్," అన్నాను.

ఏ మాటలు వెతికారో సర్వరు రాసిపెట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం తీసి చూశాను. తొమ్మిది సార్లు ఒకటే మాట. అమ్మాయి.

బాక్సు ఇంకొకరికి ఇచ్చేముందు చేయాల్సిన పని ఒకటుంది. గుర్తు అని కొట్టాను. నా జాబితా పని చేసింది. పదకొండు రూపాలూ ఒక్కసారిగా వచ్చి తెర నిండా నిలబడ్డాయి. అన్నిటినీ ఎంచి తీసేశాను. ఇంత వేగంగా ఇంత శుభ్రంగా తీయగలిగింది ఆ రెండో సాఫ్ట్‌వేరు వల్లే. ఎంచినది సరైందేనన్నమాట.

సాయంత్రం కాలవ గట్టు మీదుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఆఫీసుకి బయల్దేరినవారిలా ఉన్నారు. ప్రసాదం విప్పి చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని మెల్లగా తిన్నారు.

"అన్నవరానిదా?"

"ఆయ్. పిన్నిగారి మొక్కు తీర్చేశానండి."

తల ఊపారు. ఆకు మీద మిగిలిన పలుకులు కూడా వేలితో అద్దుకుని తిని, నా మొహం వైపు కాసేపు చూశారు. ఏదో దొరికినట్టు కళ్ళు వెలిగాయి.

"నాన్నగారు బావున్నారా అమ్మా?"

"బావున్నారండి," అన్నాను. "మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు."

"మంచిది," అని, ఆకు మడిచి నా చేతికిచ్చారు.