స్టాండు కింద నాపరాయి
సైడ్ స్టాండ్ వేస్తే బండి పడిపోదా అని ఫోన్లో అడిగావు కదా, నాయనా. పడదు. ఎడమకు ఒరిగిన బండి బరువే స్టాండును కదలకుండా నొక్కి ఉంచుతుంది. కింద నేల గట్టిగా ఉంటే చాలు.

మీ తాత మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో బండి మీద చీరలు అమ్మే రోజుల్లో ఆ నేలతోనే చిక్కు వచ్చేది. ఎండకు తారు మెత్తబడి స్టాండు దిగబడేది. అందుకని నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఆయన ఇంటింటికీ తిరిగి వచ్చేదాకా నేను మూటల బండిని పట్టుకొని నిలబడేదాన్ని. ఇంటినిండా జనం ఉండే మాకు, ఇద్దరం మాట్లాడుకోవడానికి ఆ దారి ఒక్కటే దొరికేది.

ఒకరోజు ఆయన నాపరాయి ముక్క తెచ్చి స్టాండు కింద పెట్టాడు. బండి కదల్లేదు.

"సూడుమే, ఎట్ల నిలబడుండాదో! రేపట్నుంచి నీకీ ఎండ బాధ లేదులే."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. మర్నాడు ఆయన మూటలు కడుతుంటే వాకిట్లోకి వచ్చి, "నేనూ వస్తా," అన్నాను.

"రాయి ఉండాది గదా, నువ్వు యాలమే?" అని నవ్వి కిక్కు కొట్టాడు.

నేనన్నది ఆ చప్పుడులో ఆయనకు వినపడిందో లేదో, బండి వీధి మలుపు తిరిగిపోయింది. అడిగింది ఇంతే: "పట్టుకునేదానికి కాదు. ఊరికే యెంట రాకూడదా?"