రెండు రాజ్యాల నడుమ మూడో నంబర్ గేటు

సైన్యములకు అధిపతియగు యెహోవాకు స్తోత్రం. సరిహద్దులో పదిహేడేళ్లు, ఎడారిలో రెండేళ్లు నా ఊపిరి నిలిపినవాడు ఆయనే. జరిగింది జరిగినట్టు రాయడానికి ఆయన కృప నాకు చాలును గాక.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు మూడేళ్ల ముందు, మే నెలలో దోహాలో దిగాను. సైన్యంలో నాయక్‌గా రిటైరయ్యాక దొరికిన పని, అల్ రయ్యాన్‌లో స్టేడియం సైటుకు సెక్యూరిటీ. మూడో నంబర్ గేటు. ఉదయం ఐదు నుంచి సాయంత్రం ఐదు. వాకీటాకీ, రిజిస్టర్, తాళాల గుత్తి. గాలి వీస్తే సున్నంలాంటి దుమ్ము.

శుక్రవారం దోహాలోని ఉమ్ ఘువైలినాలో ఒక విశ్వాసి ఫ్లాట్‌లో తెలుగు సహవాసం కూడేది. ఒక వారం దానియేలు పదకొండో అధ్యాయం నా వంతు. పట్టాళంలో దాడికి ముందు ఇసుకలో నేల నమూనా చేసి చూపిస్తారు. నేనూ పళ్లెంలో ఇసుక పోశాను. అలెగ్జాండర్ పోయాక సేనాపతులు రాజ్యం పంచుకున్నారు. ఐగుప్తులో టోలెమీలు, వాక్యం చెప్పిన దక్షిణ దేశపు రాజులు. సిరియాలో సెల్యూకసు వంశం, ఉత్తర దేశపు రాజులు. ఇటు ఎర్ర సీసా మూతలు, అటు నీలం మూతలు. సంధి కోసం పిల్లనిచ్చారు. ఆ పిల్లనే చంపారు. రఫియా దగ్గర ఏనుగులతో తలపడ్డారు. ఎవరు కదిలినా నడుమనున్న యూదయ మీదుగానే నడిచారు.

లింగయ్య మా సైట్లో రాడ్ బెండింగ్ చేసేవాడు. జగిత్యాల వైపు మనిషి. వాక్యం కన్నా బిర్యానీ కోసం వస్తాడని అందరూ ఏడిపించేవారు.

"సారూ, నడుమ ఊర్లకు మూతలు పెట్టలేదేంది?"

"వాళ్లకు సైన్యం లేదు లింగయ్యా."

"గట్లనా. మా లెక్కనే అన్నట్టు. ఇగ బిర్యానీ తియ్యుండ్రి."

అందరితో పాటు నేనూ నవ్వాను.

జూలైలో మెయిన్ కంపెనీకీ, లింగయ్యవాళ్లను తెచ్చిన చిన్న కంపెనీకీ చెడింది. పదకొండున్నరకు ఎండ సెలవు. లింగయ్యవాళ్లు గదులకు పోవడానికి చిన్న కంపెనీ బస్సెక్కారు. 11:40కి మెయిన్ కంపెనీ కంట్రోల్ రూమ్ నుంచి ఆర్డర్: "వాళ్ల బండి ఏదీ బయటికి పోకూడదు. సామాను తనిఖీ కావాలి." బస్సు లోపలుండగానే గేటుకు తాళం వేశాను. పంతానికి చిన్న కంపెనీ గేటు బయట టిప్పర్ అడ్డంగా పెట్టించి, డ్రైవర్‌ను పంపేసింది.

నలభై ఆరు డిగ్రీలు. బస్సులో ఏసీ లేదు. 12:25కి లింగయ్య ఒంటి మీద చెమట ఆగిపోయింది. మాట తడబడింది. నా క్యాబిన్‌లో పడుకోబెట్టాం.

"కంట్రోల్, మూడో గేటు. మనిషి పడిపోయాడు. తెరవమంటారా?"

"స్టాండ్ బై. అంబులెన్స్‌కు చెప్పాం. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడు."

మళ్లీ అడిగాను. మళ్లీ స్టాండ్ బై. పదిహేడేళ్లు ఆర్డర్ లేకుండా గేటు తీయని చెయ్యి నాది. తడిగుడ్డ వేశాను. ప్రార్థన చేశాను. తాళం తీయలేదు.

లింగయ్య కళ్లు తెరిచాడు. "యల్లా సారూ, జల్ది. గేటు తియ్యుండ్రి."

1:05కి అంబులెన్స్ వచ్చి టిప్పర్ అవతల ఆగింది. అప్పుడు తీశాను, ఆర్డర్ లేకుండానే. గేటు రెక్క మూరెడు తెరుచుకుని టిప్పర్‌కు తగిలింది. స్ట్రెచర్ పట్టలేదు. అతన్ని పక్కకు తిప్పి సందులోంచి అందించాం. ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

సాయంత్రం నాలుగింటికి రెండు కంపెనీల పెద్దలూ టీ తాగి రాజీపడ్డారు.

కాంట్రాక్ట్ ముగించుకుని ఊరొచ్చేశాను. సంఘంలో వాక్యం చెప్తున్నాను. కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది: అవతలివాళ్లు లాగుతుంటే నా చేతుల్లోంచి జారిపోతున్న లింగయ్య మడమలు.

దుబాయ్ ఎండ మింగిందనే అతని భార్య గంగవ్వ నమ్ముతోంది; గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే. తాళం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. సహోదరులారా, సహోదరీలారా, నాతో ఒక్క నిమిషం తల వంచండి. జగిత్యాల బస్సెక్కే ధైర్యం నాకిమ్మని ప్రభువును అడగండి. ఆమేన్.